చిలకలూరిపేటలో రెండు రోజులు

చెన్నై నుంచి కోల్‌కతాకు పోయే పెద్ద రోడ్డు మీద ప్రయాణం చేసినవారిలో చిలకలూరిపేట పేరు విననివారుండరు. ఆ వూరు చూశామని చెప్పగలవారు మాత్రం బహు తక్కువ. గుంటూరు నుంచి ఒంగోలు పోయే బస్సు ఇక్కడ కాసేపు ఆగుతుంది. దిగేవారు దిగుతారు, ఎక్కేవారు ఎక్కుతారు, తక్కినవారు కిటికీలోంచి వేరుశనక్కాయల పొట్లం అందుకుంటారు. బస్సు కదులుతుంది. అంతటితో ఆ వూరితో మన పరిచయం సమాప్తం.

నిజానికి ఇది తీరికగా చూడవలసిన వూరు. గుంటూరుకు ఇంచుమించు 40 కిలోమీటర్లు, నరసరావుపేటకు అందులో సగం దూరం. మొన్న మొన్నటిదాకా గుంటూరు జిల్లాలో వుండేది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. పూర్వం అయిదవ నెంబరుగా వాడుకలో వున్న జాతీయ రహదారి ఇప్పుడు 16వ నెంబరు. జిల్లా మారినా, రోడ్డు నెంబరు మారినా, వూరివారు మాత్రం తమ వూరిని ‘పేట’ అనే పిలుచుకుంటున్నారు. నరసరావుపేటవారూ తమ వూరిని అలాగే అంటారు కనుక, పల్నాటి బస్సులో “పేటకు ఒక టిక్కెట్టు” అన్నామంటే కండక్టరు మన మొగంవంక ఒకసారి చూసి, ఏ పేటో అడగక తప్పదు.

ఒకప్పుడు ఇక్కడ చిలకలు విరివిగా వుండేవట, అందుచేత ఇది చిలకల వూరయిందని పెద్దలు చెప్పుకుంటారు. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కనుక, ‘చిలకల’కూ ‘ఊరు’కూ మధ్య అత్వసంధి ఎంత నున్నగా కుదిరిందో అని ముచ్చటపడ్డాను. రెండు మాటలు కలిసినచోట అతుకు కనిపించకపోవడమే సంధిలోని అందం. ఆ మాటను ఇదే వూళ్లో ఒక లారీ షెడ్డులో మరో అర్థంలో నేర్చుకుంటానని అప్పుడు అనుకోలేదు.

ఈ ప్రాంతమంతా పత్తి, మిరప, పొగాకు పండే నేల. పండిన పంట పండినచోటనే వుండదు గదా. పత్తి మిల్లుకు పోవాలి, మిరపకాయ గుంటూరు యార్డుకు పోవాలి. మోసుకుపోయేది లారీ. లారీ వున్నచోట టైర్లకు పంక్చర్లు వేసేవాడుంటాడు, కమాను కట్టలు బిగించేవాడుంటాడు, బాడీకి చెక్కపని చేసేవాడుంటాడు, వెనకపక్క పూలూ నెమళ్లూ గీసేవాడుంటాడు. విజయవాడ ఆటోనగరంత పేరు దీనికి లేకపోవచ్చు. అయినా అర్ధరాత్రి రోడ్డు మీద బండి మొరాయిస్తే, డ్రైవరుకు మొట్టమొదట గుర్తుకు వచ్చే వూళ్లలో ఇదొకటి.

మా మేనత్తగారిల్లు ఇక్కడే. మామయ్య బతికివున్న రోజుల్లో కొన్న మహీంద్రా జీపు ఒకటి వారింట్లో వున్నది. రెండవ ప్రపంచయుద్ధంలో పుట్టిన విల్లీస్ జీపును మహీంద్రావారు 1947లో మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. పొలాలకూ, కాలవగట్లకూ, రోడ్డు లేని వూళ్లకూ దానిని మించిన వాహనం లేదని ఒక తరం రైతులు నమ్మారు. మామయ్య పోయిన తర్వాత ఆ జీపు పదేళ్లు పాకలో పడివున్నది. కోళ్లు అందులో గుడ్లు పెట్టాయి. ఇప్పుడు మా బావ దానిని విప్పించి, చట్రం దగ్గరనుంచి మళ్లీ కట్టిస్తున్నాడు. మామయ్య తోలిన బండిమీద అత్తయ్యను కోటప్పకొండకు తీసుకువెళ్లాలని అతని కోరిక. అత్తయ్యకు డెబ్బయి అయిదు దాటాయి. మోకాళ్ల నొప్పులు. మెట్లదారి ఆమెవల్ల కాదు. ఘాటు రోడ్డు మీదనే పైకి వెళ్లాలి.

నేను వెళ్లిన శనివారం నాటికి జీపు ఇంకా అస్థిపంజరంగానే వున్నది. రెండు పొడుగాటి ఇనుప దూలాలు, వాటి మధ్య అడ్డ కమ్మీలు, కింద నాలుగు చక్రాలు, ముందు ఇంజను. పైన ఏమీ లేదు. మనిషి చొక్కా విప్పితే పక్కటెముకలు కనిపించినట్టు, బండిలో ఏది ఎక్కడున్నదీ స్పష్టంగా కనబడుతున్నది. మేస్త్రీకి అరవై ఏళ్లుంటాయి. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. ఆయన వంచుతున్నది పెన్సిలుకన్న సన్నని ఉక్కు గొట్టం. అదే బ్రేకు పైపు.

“ఇంజను చెడితే బండి ఆగుద్ది మాస్టారూ. ఇది చెడితే ఆగదు. అంతే తేడా,” అన్నాడు మేస్త్రీ, తల ఎత్తకుండానే.

ఈ రెండు ముక్కలూ విన్న తర్వాత నేను స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చున్నాను.

బ్రేకులో ఇమిడివున్న సూత్రం 17వ శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చెప్పినది. మూసివున్న పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే, ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. దీనిని మోటారుబండి బ్రేకుకు ఉపయోగించి 1917లో పేటెంటు పొందినవాడు మాల్కమ్ లాగ్‌హెడ్ అనే అమెరికన్. ఆయన పేరే తర్వాత లాక్‌హీడ్ అయి, బ్రేకులమీదా విమానాలమీదా కూడా కనిపించింది. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఇటువంటి బ్రేకులతో బజారులోకి వచ్చింది.

లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మీరు పెడలును 20 కిలోల బరువుతో తొక్కారనుకోండి. పెడలు పొడుగువల్ల ఆ బలం అయిదు రెట్లయి, 100 కిలోలుగా మాస్టర్ సిలిండరులోని పిస్టను మీద పడుతుంది. ఆ పిస్టను వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లయితే, నూనెలో చదరపు సెంటీమీటరుకు 20 కిలోల ఒత్తిడి పుడుతుంది. అదే ఒత్తిడి నాలుగు చక్రాలకూ పరుగెత్తి, అక్కడి పిస్టన్లను ఒక్కొక్కదానిని అంతంత బలంతోనూ తోస్తుంది. పిల్లవాడిని ఎత్తుకునేపాటి బలంతో టన్నున్నర బండిని నిలబెడుతున్నామన్నమాట. ఈ అద్భుతమంతా నడిచేది ఆ పెన్సిలంత గొట్టంలోనే. అది ఎక్కడైనా చిట్లిందా, పాస్కల్ వచ్చినా చేయగలిగింది లేదు.

పాత జీపులో నాలుగు చక్రాలకూ ఒకటే నూనెదారి. ఒకచోట కారితే నాలుగూ పోయినట్టే. అందుకని మేస్త్రీ రెండు గదుల మాస్టర్ సిలిండరు బిగించి, ముందు చక్రాలకు ఒక దారీ, వెనక చక్రాలకు ఒక దారీ వేరు చేస్తున్నాడు. ఒకటి దెబ్బతిన్నా రెండవది కొంతవరకు ఆదుకుంటుంది. దారులు మారాయి కనుక పైపులన్నీ కొత్తగా వంచవలసి వచ్చింది.

ఆ పని చూస్తుంటే కంసాలి పని చూసినట్టే వున్నది. ముందుగా చుట్టగా వున్న గొట్టాన్ని చదునైన బల్లమీద దొర్లించి సాపు చేస్తారు. తర్వాత వెల్డింగు కడ్డీ ఒకటి తీసుకుని, చట్రం వెంబడి ఎక్కడ తిరగాలో ఎక్కడ దిగాలో అక్కడక్కడ వంచి, ముందు దానితో నమూనా తయారు చేస్తారు. కడ్డీ చెడితే రూపాయితో పోతుంది, పైపు చెడితే పని చెడుతుంది. నమూనా కుదిరాక పైపును రంపంతో కాక, చుట్టూ తిరిగే కట్టరుతో కోస్తారు. రంపం పొట్టు లోపల వుండిపోతే అది నూనెతోపాటు ప్రయాణం చేసి రబ్బరు కప్పులను కోస్తుంది. కోసిన అంచు లోపలివైపు గీకి, గాలి వూది శుభ్రం చేస్తారు.

ఇక్కడ ఒక తమాషా వున్నది. కొసను వెడల్పు చేయకముందే నట్టును గొట్టంమీదికి ఎక్కించాలి. తర్వాత ఎక్కదు. ఇది తెలియని పనివాడు లేడు, ఒక్కసారైనా మరిచిపోని పనివాడూ లేడట. “తాళి కట్టేముందు పిల్ల మెళ్లో దండ తీసి చూసుకున్నట్టు, ముందు నట్టు చూసుకోవాలిరా,” అని మేస్త్రీ కుర్రవాడిని హెచ్చరిస్తూనే వున్నాడు.

కొసను వెడల్పు చేయడాన్ని వారు ఫ్లేరింగు అంటారు. గొట్టాన్ని బిగింపులో పట్టి, అచ్చు పెట్టి నొక్కితే కొస మొదట గొడుగులాగా వుబ్బుతుంది. రెండవసారి నొక్కితే ఆ అంచు లోపలికి మడుచుకుని, రెండు పొరల గరాటుగా తయారవుతుంది. ఒక్క పొరయితే బిగించినప్పుడు పగిలే ప్రమాదం. రెండు పొరలయితే మెత్తగా కూర్చుని, నూనెను చుక్క కూడా బయటికి పోనివ్వదు. మన పంచె అంచు మడిచి కుట్టడంలాంటిదే. రెండు లోహాలు కలిసినచోట సందు లేకుండా కుదరడమే దీనిలోని నేర్పంతా. తరగతిలో నేను చెప్పే సంధికి సూత్రం తప్పితే మార్కులు పోతాయి. ఇక్కడ సంధి తప్పితే పోయేవి మార్కులు కావు.

తర్వాత వంచడం. చిన్న కప్పీలాంటి పనిముట్టులో గొట్టాన్ని వుంచి, తొందర లేకుండా తిప్పుతారు. వంపు గుండ్రంగా రావాలి. మోకాలు మడిచినట్టు మడతపడితే నూనె నడవదు, లోహమూ అక్కడే అలిసిపోతుంది. ఒక కొసనుంచి మొదలుపెట్టి వరుసగా రెండవ కొసకు పోవాలిగాని, మధ్యలోనుంచి వంచకూడదు.

దారి ఎంచుకోవడం మరొక విద్య. పైపు చట్రం లోపలిపక్కగా, కింది అంచుకన్న పైకి పోవాలి, లేకుంటే రోడ్డుమీది రాయి ఎగిరి తగులుతుంది. సైలెన్సరుకు దూరంగా పోవాలి, లేకుంటే నూనె కాగుతుంది. వంతెనలాగా మధ్యలో పైకి లేచి దిగకూడదు, అక్కడ గాలిబుడగ కాపురం పెడుతుంది. అడుగుకొక క్లాంపు వేసి కదలకుండా పట్టాలి. ఇనుపరేకులో రంధ్రంగుండా పోయేచోట రబ్బరు తొడుగు వుండాలి. చక్రం ఎగిరిపడే చోట ఉక్కుగొట్టం పనికిరాదు, వంగే హోసు పైపు కావాలి. ఆ హోసు సరిపోతున్నదా లేదా అని, మేస్త్రీ బండిని జాకీతో ఎత్తి చక్రాలు వేలాడనిచ్చి ఒకసారీ, స్టీరింగును ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పించి ఒకసారీ చూశాడు.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు చిక్కు వచ్చిపడింది. వెనక చక్రాలకు పోయే పొడుగాటి పైపును కుర్రవాడు వంచుతున్నాడు. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లవాడు, చెయ్యి చురుకైనది. నాలుగు వంపులు సరిగా వచ్చాయి. అయిదవది కుడికి పోవలసింది ఎడమకు పోయింది. వాడు చటుక్కున దానిని మళ్లీ సాపుచేసి కుడికి వంచాడు. చూడటానికి ఏమీ తేడా లేదు. మేస్త్రీ దగ్గరికి వచ్చి, ఆ వంపుమీద బొటనవేలితో తడిమి, కట్టరు తీసుకుని పైపును రెండు ముక్కలు చేసి చెత్తడబ్బాలో పడేశాడు.

సరిగ్గా ఆ సమయానికే మా బావ వచ్చాడు. ఆదివారం తెల్లవారి అయిదింటికి బయలుదేరడానికి ముహూర్తం పెట్టించుకుని వున్నాడు. వంటవాడికి పులిహోర పురమాయించి వచ్చాడు.

“అదేంది మేస్త్రీ! బాగున్న పైపు కోసేశావేంది?”

“బాగాలేదండీ. ఒకసారి వంచి సాపుచేసిన ఇనుము పైకి బాగుంటది, లోపల బాగుండదు.”

“పోనీ పాత పైపు వున్నదిగా. అదే వేసెయ్యి. వచ్చేవారం తీరిగ్గా కొత్తది వేద్దువుగాని.”

పాత పైపులో ఎప్పుడో ఎవరో మధ్యన రాగిగొట్టం ముక్క పెట్టి అతికారు. మేస్త్రీ మాట్లాడలేదు. బల్లమీదున్న రాగితీగ ముక్కను తీసి మా బావ చేతిలో పెట్టాడు. “వంచండి,” అన్నాడు. వంగింది. “మళ్లీ అటు వంచండి.” కాస్త గట్టిగా వంగింది. ఏడెనిమిదిసార్లు అటూ ఇటూ వంచేసరికి తీగ పుటుక్కున తెగింది. రాగి మెత్తనిది గదా అనుకుంటాం. అదురుతూ వుంటే అది గట్టిపడుతుంది, గట్టిపడి పగులుతుంది. నికెలు కలిపిన రాగిగొట్టాలు వేరే వున్నాయి, అవి ఇందుకు పనికివస్తాయి. ఉత్త రాగి పనికిరాదు.

“నా వేళ్లు రెండూ ఎందుకు పోయినయ్యో మీకు తెలవదు గదండీ,” అన్నాడు మేస్త్రీ. క్లీనరుగా వున్న రోజుల్లో, శ్రీశైలం నుంచి దోర్నాల వైపు ఘాటు దిగుతుండగా బండికి బ్రేకు అందలేదట. అతుకు ఒకటి విడిపోయింది. డ్రైవరు గుండె దిటవుచేసుకుని బండిని కొండవైపు రాసుకుంటూ పోనిచ్చి ఆపాడు. ప్రాణాలు దక్కాయి. తలుపు పట్టుకున్న చెయ్యి మాత్రం నలిగింది. “డ్రైవరు మంచోడు కాబట్టి నేనిక్కడ కూర్చున్నా. అందరికీ అట్టాంటి డ్రైవరు దొరకొద్దా?”

మా బావ ఏమీ అనలేక ఇంటికి ఫోను చేశాడు. అత్తయ్య గొంతు నాకు కూడా వినిపించింది. “తొందరేం వొచ్చిందిరా? ఎల్లుండి సోమవారం. కోటయ్యకు అదే మంచిరోజు. ఆయన్ను పని చేసుకోనీ. పులిహోర రేపు మనం తిందాం.”

దాంతో తగవు తీరిపోయింది. మేస్త్రీ కుర్రవాడిని తిట్టలేదు. కొత్త గొట్టం చేతికిచ్చి, “నువ్వే వంచు,” అన్నాడు. వాడు ఆరింటికల్లా వంచాడు. ఈసారి బొటనవేలు ఎక్కడా ఆగలేదు.

ఆదివారం ఉదయమంతా గాలి తీయడంతో సరిపోయింది. నూనె నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. పైపులో గాలి వుంటే కాలి బలమంతా దానిని నలపడానికే ఖర్చయిపోతుంది. అందుకని అన్నిటికన్న దూరపు చక్రంతో మొదలుపెట్టి, కుర్రవాడు పెడలు తొక్కి పట్టుకోవడం, మేస్త్రీ నిప్పల్ వదులుచేసి బుడగలను బయటికి పంపి మళ్లీ బిగించడం. “తొక్కు... పట్టు... వదులు” అని మంత్రంలాగా సాగింది. చివరికి పెడలును గట్టిగా తొక్కి వుంచి, ప్రతి అతుకునూ పొడిగుడ్డతో తుడిచి తడి వున్నదేమో చూశారు. లేదు.

బ్రేకాయిలు గురించి గృహస్థులు తెలుసుకోవలసిన సంగతి ఒకటి వున్నది. మామూలుగా వాడే ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్తగా వున్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడు వేడిదాకా మరగకూడదని నియమం. తేమ పట్టిన తర్వాత ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. కొండ దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే నూనె మరిగి ఆవిరవుతుంది, పెడలు మెత్తగా నేలకు పోతుంది. రెండేళ్లకొకసారి ఆయిలు మార్చమనేది అందుకే.

బండ్లు చేతితో కట్టే సరదా మనవారికి కొత్తకాదు. హైదరాబాదులో జంతుప్రదర్శనశాల దగ్గర కన్యబోయిన సుధాకర్ 2010లో తెరిచిన సుధా కార్ల మ్యూజియంలో క్రికెట్ బంతి ఆకారపు కారు మొదలు వింతవింత ఆకారాల బండ్లున్నాయి. ఆయన చేసిన మూడు చక్రాల సైకిలు 2005లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. కాని రోడ్డుమీద తిరిగే బండి విషయంలో చట్టం వేరు. కంపెనీవారు చేసిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. మా బావ జీపులో ఇంజనూ, ఆకారమూ పాతవే. మేస్త్రీ కూడా, ఇంజను మార్చమని వచ్చేవారిని ముందు రవాణా కార్యాలయం గుమ్మం ఎక్కి రమ్మంటాడు.

కొత్త కార్లకు పైపులు ఫ్యాక్టరీలోనే యంత్రాలు వంచి పంపుతాయి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది. పెద్ద లారీలకు గాలి బ్రేకులు. అటు వూరికి వెలుపలుగా బైపాస్ రోడ్డు పడింది. ఇక వూళ్లోకి రాకుండానే పోయే లారీలు కొన్ని వుంటాయి. ఈ విద్య ఇంకెన్నాళ్లని మేస్త్రీని అడిగాను. “పాత బండి ఉన్నన్నాళ్లండీ. బండికన్నా ముందు మనిషి పాతబడకపోతే చాలు,” అని నవ్వాడు. కుర్రవాడు మాత్రం నవ్వలేదు. వాడు ఐ.టి.ఐ.లో చేరాలనుకుంటున్నాడు. చేరమనే నేనూ చెప్పాను. బొటనవేలితో లోపం కనిపెట్టే చదువు ఇక్కడ అయిపోయింది, తక్కినది అక్కడ నేర్చుకుంటాడు.

సోమవారం తెల్లవారి కోటప్పకొండకు బయలుదేరాము. ఎటునుంచి చూసినా మూడు శిఖరాలు కనిపించే ఆ కొండమీద త్రికూటేశ్వరుడు వెలసివున్నాడు. కాకి వాలని కొండ అని ప్రతీతి. మహాశివరాత్రికి పురుషోత్తమపట్నం, కావూరు మొదలైన వూళ్లనుంచి 80, 90 అడుగుల విద్యుత్ ప్రభలు కట్టుకుని వస్తారు. అంతటి ఎత్తును కదిలించడం ఒక ఎత్తు, అనుకున్నచోట నిలపడం మరొక ఎత్తు.

అత్తయ్య ముందు సీట్లో కూర్చుని దారిపొడుగునా మామయ్య కబుర్లు చెప్పింది. ఎక్కేటప్పుడు ఏమీ తోచలేదు. దిగేటప్పుడు మలుపు మలుపుకూ నా చూపు బావ పాదంమీదనే వున్నది. బండిని రెండో గేరులో వుంచి, అవసరమైనచోట మాత్రమే బ్రేకు తాకిస్తున్నాడు. జీపు చెప్పినమాట వింటున్నది. చివరి మలుపు దాటాక అత్తయ్య, “మీ మామయ్య తోలినట్టే వుందిరా,” అన్నది. బావ మాట్లాడలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

మీరెప్పుడైనా ఆ వైపు వెళితే పేటలో ఒక పూట దిగండి. వేసవిలో మాత్రం వద్దు, పల్నాటి ఎండ తట్టుకోలేరు. శివరాత్రి జనం మధ్య ప్రభలను చూడాలనే సరదా లేకపోతే, ఏ కార్తిక సోమవారమో మంచిది. సొంత బండిమీద వెళ్లేవారు కొండ ఎక్కబోయేముందు బ్రేకాయిలు డబ్బా మూత తీయించి ఒకసారి చూడండి. నూనె నల్లబడివుంటే, పేటలో షెడ్లకు కొదవలేదు. మేస్త్రీ ఆలస్యం చేస్తున్నాడని విసుక్కోకుండా, ఆ పూట పులిహోర అక్కడే కూర్చుని తినండి.